ఆది జాకెట్టు

పామర్రు,
జూన్ 16.

చి. వినీలకి,
అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ నువ్వన్న మాట తప్పు. "స్క్రిప్టు రాసేశాను అమ్మమ్మా, ఇక ఆ పనిలో మనిషి చెయ్యి పడక్కర్లేదు, తప్పులు రావు" అన్నావు. పదిమందిలో దిద్దడం ఎందుకని ఊరుకున్నాను. మనిషి చెయ్యి తీసేస్తే తప్పులు పోవు, ఎవరి తప్పో తెలియకుండా పోతుంది, అంతే. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. ఎక్కాల పుస్తకంలో ఒక అచ్చుతప్పు పడితే క్లాసు క్లాసంతా అదే తప్పు చేసేది, అదీ ముత్యాల్లాంటి అక్షరాలతో.

రెండో సంగతి. నీ ఉద్యోగం గురించి ఫోన్లో వివరంగా చెప్తానన్నావు. వద్దు. చెవి మిషను పెట్టుకుని ఫోను ఎత్తితే మిషను పిల్లికూనలా అరుస్తుంది. తీసేస్తే నువ్వు పిల్లికూనలా అరుస్తావు. కాగితం మీద రాయి. ఎదురింటి యేసుబాబు బ్యాంకు ఉద్యోగానికి రోజూ బస్సులో బెజవాడ వెళ్లొస్తూనే ఉన్నాడు. క్యారియరు తెస్తాడు, ఖాళీది పట్టుకొస్తాడు. పై గిన్నెలో ఉత్తరం, కింది గిన్నెల్లో కూర. ఉత్తరం లేకుండా వచ్చిన క్యారియరుకి మర్నాడు కూర ఉండదు. ఇది బెదిరింపు కాదు, నియమం.

ఇక అసలు మాట. చేపల చెరువు కొండలమ్మ మీ కంపెనీ పెట్టె పెట్టించుకోవడానికి ఒప్పుకుంది. మీ రంగుల కాగితం చూసి కాదు. "టీచరమ్మగారూ, అందులో ఏముందో నాకేం తెల్సండీ. మీ మనవరాలు చేసిందంటున్నారు. మీరు పెట్టమంటే పెడతా, తీసెయ్యమంటే తీసేస్తా" అంది. తెల్లవారుజామున చెరువు నీళ్లలో గాలి తగ్గిపోతుంది, మబ్బు పట్టిన రోజుల్లో మరీను. అప్పుడు ఏరియేటర్లు వెయ్యకపోతే చేపలు చచ్చిపోతాయి. వాటిని వీళ్లు ఫ్యాన్లంటారు. ఆ ఫ్యాన్ల స్విచ్చు వెయ్యడానికి ఆమె కొడుకు పెద్దబ్బాయి పెళ్లయిన దగ్గర్నుంచీ గట్టు మీదే మంచం వేసుకుని పడుకుంటున్నాడు. వాడి భార్య ఒకసారి నాతో అంది, "చేపలకున్న మొగుడు నాకు లేడండీ" అని. ఇకమీదట ఆ స్విచ్చు మీ పెట్టే వేస్తుందట, కాబట్టి దాని మీద ఒక చెరువూ, ఒక కాపురమూ, నా మాటా ఆధారపడి ఉన్నాయి. అందులో నీ చేతి పని ఏదో, ఎంతో, నాకు అర్థమయ్యేలా రాయి.

సంచిలో జాకెట్టు గుడ్డ, కొలతకి ఎప్పటి ఆది జాకెట్టు పెట్టాను. మీ హాస్టలు సందులో తెరేసమ్మ కుట్టుమిషను ఉంది కదా, ఆమెకియ్యి. కోత పండుగకి కావాలి. చేతులు బిగించి కుడుతుంది, ఎన్నేళ్లనుంచో ఇదే తంతు. నేను అన్నానని గట్టిగా చెప్పు. వచ్చేటప్పుడు తెల్లదారం రీలు ఒకటి తీసుకురా.

మీ అమ్మమ్మ,
సంపూర్ణమ్మ


పటమట, విజయవాడ,
జూన్ 21.

అమ్మమ్మా, వందనాలు!

బెండకాయ వేపుడు హాస్టలు మొత్తానికి నచ్చింది, అంటే నాకు మిగల్లేదు. నియమానికి తలవంచి రాస్తున్నా.

పెట్టెలో ఒక చిప్పు ఉంటుంది. దాన్ని మా హాస్టలు అనుకో. గదులకి నంబర్లే, పేర్లుండవు. ఒక్కో గదిలో గోడ నిండా స్విచ్చులు. ఒక గదిలో ఒక స్విచ్చు వేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, దాని పక్కది వేస్తే పచ్చలైటు వెలుగుతుంది, ఇంకెక్కడో ఇంకొకటి వేస్తే సెన్సారు నీళ్లలో గాలి ఎంతుందో చెప్తుంది. ప్రోగ్రాము రాసేవాళ్లకి ఈ నంబర్లన్నీ గుర్తుండవు కదా. అందుకని "ఫ్యాన్లు అంటే ఫలానా గది, ఫలానా స్విచ్చు" అని పేరుకీ నంబరుకీ ముడి పెట్టే ఫైలు ఒకటి రాస్తాం. దాన్నే హెడరు అంటాం. మిగతా ప్రోగ్రామంతా ఈ పేర్లనే నమ్ముకుంటుంది.

ఇదివరకు దాన్ని చేత్తో కొట్టేవాళ్లు. వందల వరసలు, కళ్లు పోయేవి. చిప్పు తయారుచేసిన కంపెనీవాళ్లు ఈ నంబర్లన్నీ ఒక పట్టికగా ఇస్తారు. నేను రాసిన స్క్రిప్టు ఆ పట్టికని చదివి హెడరుని తనే రాసేస్తుంది. పట్టిక మారితే మళ్లీ నడిపితే చాలు, రెప్పపాటులో కొత్త హెడరు. దాని నెత్తిన "ఇది స్క్రిప్టు రాసిన ఫైలు, చేత్తో దిద్దవద్దు" అని కూడా రాస్తుంది. మర్యాద తెలిసిన స్క్రిప్టు.

అచ్చుతప్పు సంగతి ఒప్పుకుంటా గానీ, పట్టిక ఇచ్చింది పెద్ద కంపెనీ అమ్మమ్మా. వాళ్లే తప్పు రాస్తే ఇంకెవరిని నమ్ముతాం?

వచ్చే నెల మా సీనియర్ ఆమోసు గారు వచ్చి పెట్టె బిగిస్తారు. మంచివాడు, మాట తక్కువ. నువ్వు ప్రశ్నలు తక్కువ వెయ్యి.

తెరేసమ్మ ఆంటీకి చేతుల సంగతి చెప్పాను. "ఆదికి తగ్గట్టే కుడతానమ్మా" అని అదోలా నవ్వింది. దారం రీలు పంపుతున్నా.

నీ వినీల


పామర్రు,
ఆగస్టు 9.

చి. వినీలకి,

పెద్ద కంపెనీ తప్పు రాస్తుందా అన్నావు. పెద్దవాళ్లు చిన్న తప్పులు చెయ్యరనుకోవడం నీ వయసుకి చెల్లుతుంది.

మీ ఆమోసు వచ్చాడు. కుదురైన మనిషి. నేను గొడుగు వేసుకుని గట్టు మీద కుర్చీలో కూర్చున్నాను. పెట్టె బిగించి మీట నొక్కితే ఫ్యాన్లు కదల్లేదు, పచ్చలైటు వెలిగింది. కొండలమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని, "ఇదేదో క్రిస్మస్ చెట్టులా ఉందండీ, ఫ్యానులా లేదండీ" అంది. అతను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఒక కాగితం చూశాడు, తల గోక్కున్నాడు, ఏదో ఒక్క అంకె మార్చాడు. అంతే, ఫ్యాన్లు తిరిగాయి. "ఏం చేశావు బాబూ?" అంటే "దిద్దేశానండీ" అన్నాడు. అంత చిన్న వాక్యం విని చాలా ఏళ్లయింది. మీ ఆఫీసులో పనిమంతుడు ఒకడున్నాడని సంతోషించాను.

పెద్దబ్బాయి ఇంట్లో పడుకుంటున్నాడు. ముఖం తేటపడింది. వాడి భార్య నన్ను చూసి సిగ్గుపడుతోంది, నేనేదో పెళ్లి కుదిర్చినట్టు. మంచం మాత్రం ఇంకా గట్టు మీదే ఉంది. "ముసుర్లు వెళ్లాక తెస్తామండీ, అప్పుడు గానీ నమ్మకం కుదరదండీ" అంది కొండలమ్మ. కొడుకు లేచేలోపు తను వెళ్లి ఒకసారి చూసి వస్తోంది. మంచి అలవాటు. నమ్మకం వేరు, చూసుకోవడం వేరు.

జాకెట్టు వచ్చింది. చేతులు షరా మామూలే. నా దండచేతుల్లో రక్తం తిరగాలా వద్దా అన్నది తెరేసమ్మే నిర్ణయిస్తోంది. నేనే ఏదో చేసుకున్నానులే. ఇంకో గుడ్డ పంపుతాను, క్రిస్మస్‌కి. ఆదీ పంపుతాను. దారం రీలు అయిపోయింది, ఒకటి కొను.

మీ అమ్మమ్మ


పటమట,
సెప్టెంబరు 12.

అమ్మమ్మా, వందనాలు.

గోంగూర పచ్చడి అద్భుతం. ఎండుమిరపకాయలు ఎక్కడివి? నూనె పల్లీలదేనా? వెల్లుల్లి ఈసారి దంచి వేశావా, తరిగి వేశావా? నీ మోకాలు ఎలా ఉంది? ఇక్కడ వాన. బందరు రోడ్డు మీద నీళ్లు నిలిచాయి, ఆటోలవాళ్లు పడవ రేటు అడుగుతున్నారు.

కొండలమ్మ గారి చెరువులో నిన్న ఫ్యాన్లు తిరగలేదని పెద్దబ్బాయి ఫోన్ చేశాడు. కరెంటు హెచ్చుతగ్గుల సమస్య అయ్యుంటుందని చెప్పాను. చూస్తాం. నువ్వేం కంగారుపడకు.

వినీల


పామర్రు,
సెప్టెంబరు 14.

వినీలా,

గోంగూర గురించి అన్ని వాక్యాలు, చెరువు గురించి ఇన్నే వాక్యాలు. ఉత్తరం చదవడం నాకొచ్చు.

నీ ఉత్తరం అందే లోపే నేను చెరువు దగ్గరికి వెళ్లాను. ఏం జరిగిందో రాస్తాను, నువ్వు చూడలేదు కాబట్టి. ముందు రోజంతా మబ్బు. తెల్లారగట్ల కొండలమ్మ అలవాటు కొద్దీ గట్టెక్కింది. నీళ్ల నిండా చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆమె అరుపుకి కాలవ అవతలివాళ్లు కూడా లేచారు. పెద్దబ్బాయి లుంగీ ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చి చేత్తో స్విచ్చులు వేశాడు. చెరువు నిలిచింది. గట్టు వారన మాత్రం గంపెడు శీలావతులు తెల్లగా తేలాయి. ఆమె ఒక్క చేపని చేత్తో పట్టుకుని చూసింది. ఆ చేప ఇంకొన్ని వారాలుంటే పట్టుబడికొచ్చేది.

నాతో ఏమందో తెలుసా? "మీ మనవరాలు కరెంటు అందంటండీ. కరెంటు లేకపోతే పచ్చలైటు ఎట్టా వెలిగిందండీ? ఫ్యాను ఒక్క చుట్టు తిరగలేదు గానీ, లైటు మాత్రం తిరనాళ్లలో వెలిగినట్టు వెలిగిందండీ."

ఆమె నా దగ్గర చదువుకోలేదు. చదువుకుని ఉంటే నీకంటే ఎక్కువ మార్కులు వేసేదాన్ని.

పెద్దబ్బాయి మళ్లీ గట్టెక్కాడు. కొండలమ్మ నన్ను అడిగింది: "ఉంచమంటారా, తీసెయ్యమంటారా? మీ మాటేనండీ." వచ్చేది ముసురు కాలం. ఉంచమని చెప్పి చెరువు పోతే నేను ఆ దారిలో నడవలేను. తీసెయ్యమంటే నీ పని పనికిరాదని నేనే ఊరికి చెప్పినట్టు. కొన్నాళ్లు ఆగమన్నాను. ఆగమనడానికి నా దగ్గర కారణం లేదు, నువ్వు పంపాలి.

కూర పంపలేదు. వట్టి పెరుగన్నం. అది కూడా యేసుబాబు ముఖం చూసి.

అమ్మమ్మ


పటమట,
సెప్టెంబరు 16.

అమ్మమ్మా,

కరెంటు కాదు. ఫోన్ వచ్చిన గంటలోనే తెలిసింది నాకు. రాయలేకపోయాను.

చిప్పు కంపెనీ పట్టికలోనే తప్పుంది. ఫ్యాన్లది నాలుగో స్విచ్చు. పట్టికలో మూడు అని పడింది. మూడోది పచ్చలైటుది. నా స్క్రిప్టు పట్టికలో ఉన్నదే రాసింది. ఆ రోజు గట్టు మీద ఆమోసు గారు దిద్దింది ఆ అంకెనే. హెడరు తెరిచి మూడుని నాలుగు చేశారు. పైన "చేత్తో దిద్దవద్దు" అని రాసి ఉన్నా. ఫ్యాన్లు తిరిగాయి, ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఈ నెల మొదట్లో నేను నీళ్ల వేడి కొలిచే సెన్సారు కూడా కలుపుదామని స్క్రిప్టు మళ్లీ నడిపాను. అది బుద్ధిగా ఆ పట్టికే చదివి హెడరు మొత్తం కొత్తగా రాసింది. నాలుగు పోయి మళ్లీ మూడొచ్చింది. ఏం మారిందో నేను చూసుకోలేదు. రెప్పపాటు పని కదా అని గర్వం. ఆ కొత్త ప్రోగ్రాము సిమ్ ద్వారా నేరుగా కొండలమ్మ గారి పెట్టెలోకి ఎక్కింది.

ఆఫీసులో రోజూ ఇదే పంచాయితీ. "నేను దిద్దింది ఆ అమ్మాయి చెరిపేసింది" అని ఆయన. "దిద్దొద్దని రాసి ఉందిగా" అని నేను. మా మేడమ్ శాలిని గారు ఇద్దరి మధ్యా కూర్చుని టీ తాగుతూ, "మీలో ఎవరు గెలిస్తే ఫ్యాన్లు తిరుగుతాయో చెప్పండి, వాళ్లనే గెలిపిస్తా" అన్నారు.

దానికి మందు దొరికింది. కంపెనీ పట్టిక మేం మార్చలేం, వాళ్లు కొత్తది పంపిన ప్రతిసారీ పాత తప్పుతోనే రావచ్చు. అందుకని దాని పక్కన మా దిద్దుబాట్ల పట్టిక ఒకటి పెడుతున్నాం. స్క్రిప్టు ముందు వాళ్లది చదువుతుంది, తర్వాత మాది. రెండూ తగాదా పడితే మాదే నెగ్గుతుంది. ఇకమీదట ఆమోసు గారికి ఏ తప్పు కనిపించినా దిద్దాల్సింది అక్కడ. ఎన్నిసార్లు నడిపినా చెరగదు.

పెట్టె ఉంచమని చెప్పమ్మమ్మా. ప్లీజ్. ఈసారి నిజంగానే.

వినీల


పామర్రు,
సెప్టెంబరు 18.

చి. వినీలకి,

ఇప్పుడు రాశావు ఉత్తరం. కింది గిన్నెలో బొచ్చె చేప పులుసు ఉంది. చల్లారనివ్వకు.

తీర్పు అడగలేదు గానీ ఇస్తున్నాను. నీ తప్పు చిన్నది కాదు, కానీ మామూలుది: చూసుకోకపోవడం. ఆమోసుది నాకు మింగుడుపడటం లేదు. తప్పు కనిపెట్టాడు, మంచిదే. దిద్దాడు, మంచిదే. దిద్దినది నకలుని! తప్పు పుట్టిన చోటుని ముట్టుకోకుండా, అది కన్న పిల్లని మాత్రం స్నానం చేయించి కూర్చోబెట్టాడు. రేపు అది మళ్లీ అలాంటి పిల్లనే కంటుందని తట్టదా? పైగా నోరు విప్పడు. ఇలాంటివాళ్లు క్లాసుకి ఒకరుండేవారు. బోర్డు మీద నేను తప్పు వేస్తే వాళ్ల నోటుబుక్కులో దిద్దుకుని, నాకు చెప్పకుండా కూర్చునేవారు. మర్యాద అనుకునేవారు. మర్యాద కాదు, బద్ధకం. నేను మెచ్చుకున్న మాట వెనక్కి తీసుకుంటున్నానని అతనితో చెప్పు. వద్దులే, నేనే చెప్తాను.

ఇక "ఈసారి నిజంగానే" అన్నావు. పోయినసారి అబద్ధంగా చేశావా? మాట కాదు, ఋజువు కావాలి. తెల్లారేదాకా ఆగి చేపల ప్రాణాలతో పరీక్ష పెడతానంటే గట్టు ఎక్కనివ్వను. నీళ్లని బాగా మరిగిస్తే అందులో కరిగిన గాలి పోతుంది. గిన్నె అంచుదాకా నింపి, మూత బిగించి చల్లారిస్తే మళ్లీ చేరదు. ఎనిమిదో తరగతి పాఠం, నువ్వూ చదివావు. ఆ నీళ్లలో మీ సెన్సారు ముంచితే పెట్టె చెరువు ఊపిరాడక చస్తోందనుకోవాలి. అప్పుడు ఫ్యాన్లు తిరగాలి, పట్టపగలు. తర్వాత అక్కడే కూర్చుని నీ స్క్రిప్టు మళ్లీ నడిపి, కొత్త హెడరుతో ప్రోగ్రాము ఎక్కించి, మళ్లీ ముంచు. రెండోసారి కూడా తిరగాలి. ఒకసారి తిరగడం ఆగస్టులో కూడా జరిగింది.

శనివారం ఇద్దరూ రండి. నీళ్లు నేను కాస్తాను. ముందు కొండలమ్మకి కరెంటు కాదని నీ నోటితో చెప్పు. నేను చెప్పను.

మీ అమ్మమ్మ


పటమట,
సెప్టెంబరు 23.

అమ్మమ్మా, వందనాలు!

శనివారం నువ్వు అక్కడే ఉన్నావు గానీ, ఫ్యాన్ల మోత మొదలవగానే చెవి మిషను తీసి కొంగుకి ముడేసుకున్నావు. నువ్వు వినని మాటలు రాస్తున్నా. లేకపోతే నీ తీర్పులకి సాక్ష్యం చాలదు.

మిషను తీయకముందు నేను కొండలమ్మ గారితో కరెంటు కాదని, మేం మళ్లీ కెలికినప్పుడు పోయిందని, తప్పు మాదేనని చెప్పాను కదా. ఆవిడ నీ ముఖం చూసింది. నువ్వు ఆకాశం చూశావు. అప్పుడు ఆవిడ, "చెప్పావు కదమ్మా, ఇంక కానియ్" అంది. ఆ ఒక్క మాట మీదే పనిలోకి దిగాం.

నువ్వు మూత పెట్టిన బిర్యానీ గిన్నెని ఆటోలోంచి దింపుతుంటే పెద్దబ్బాయి నీ చాటుగా అడిగాడు, "వేన్నీళ్లు ఎవరికండీ, పెట్టెకి తలంటా?" అని. "వేన్నీళ్లు కాదురా, చల్లారాయి" అన్నాను. "చల్లార్చడానికా ఇంత సేపు కాచింది? టీచరమ్మగారి లెక్కలు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు" అన్నాడు.

సెన్సారు ముంచాం. పెట్టెలో అంకె దిగుతూ వచ్చింది. ఆమోసు గారు ఊపిరి బిగబట్టారు, సెన్సారు బదులు తననే ముంచినట్టు. ఫ్యాన్లు ఒక్కసారిగా గిర్రున తిరిగాయి. అప్పుడే నువ్వు మిషను తీసేశావు.

నేను స్క్రిప్టు మళ్లీ నడుపుతుంటే పెద్దబ్బాయి, "తిరిగినయ్ కదండీ, మళ్లా ఎందుకు కెలకడం?" అన్నాడు. వాళ్లమ్మ కసిరింది: "నువ్వుండరా. పోయినసారి కెలికినప్పుడే కదా పోయింది. కెలికినాక తిరిగితేనే తిరిగినట్టు." ఆవిడకి స్క్రిప్టు సంగతి ఎవరూ చెప్పలేదు అమ్మమ్మా. రెండోసారి తిరిగాయి. పచ్చలైటు వెలగలేదు. ఆవిడ నీవైపు చూపించి నాతో, "మబ్బులెళ్లేదాకా ఉంచుతా. ఆమె చెప్పింది కాబట్టి కాదమ్మా, నేను చూశాను కాబట్టి" అంది. నువ్వేమో తల ఊపావు. ఆవిడ ఎండ గురించి మాట్లాడుతోందనుకున్నావని నా అనుమానం.

నువ్వు ఆమోసు గారిని పక్కకి పిలిచి చీవాట్లు పెట్టావు చూడు, ఆయన బస్సు కోసం నిలబడి ఎవరికో ఫోన్ చేసి, "నేను టెన్త్ మళ్లీ ఫెయిలయ్యాను" అని చెప్పుకున్నారు.

ఇక అసలు విషయం. ఆ రాత్రి దుప్పటి తియ్యమని బీరువా తెరిపించావు. దుప్పటి కింద నీ జాకెట్లు. ఊరికే తిరగేశాను. అన్నిటికీ చేతుల కుట్లు విప్పి, వదులు చేసి, తెల్లదారంతో మళ్లీ కుట్టి ఉంది. నీలం దానికీ తెల్లదారమే, ఎర్రదానికీ తెల్లదారమే. నీకు అన్ని దారం రీళ్లు ఎందుకో అప్పుడు అర్థమైంది. వాటి పక్కనే ఆది జాకెట్టు. దాని చేతుల్ని మాత్రం ఎవరూ ముట్టలేదు. నువ్వు ఇంకా సన్నగా ఉన్నప్పటిది. అదే ప్రతిసారీ తెరేసమ్మ ఆంటీకి పోతోంది.

అమ్మమ్మా, తెరేసమ్మ ఆంటీ స్క్రిప్టు. ఆది జాకెట్టు పట్టిక. కొత్త జాకెట్టు హెడరు. ఇందులో ఆమోసు గారు ఎవరో నేను రాయను. నాకు క్యారియరు కావాలి.

నీ వినీల


పామర్రు,
నవంబరు 3.

చి. వినీలకి,
ఆశీస్సులు.

నీ సెప్టెంబరు ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాయడానికి కారణం ముసురు. వేరే ఏమీ కాదు.

ముందు నీ ఉత్తరంలో తప్పు దిద్దనివ్వు. కొండలమ్మ ఎండ గురించి మాట్లాడుతోందని నేననుకోలేదు. పెదవులు చూసి మాట పట్టడం నాకొచ్చు. వెనక బెంచీల వాళ్లతో బతికినదాన్ని. "ఆమె చెప్పింది కాబట్టి కాదు" అన్నది కూడా పట్టాను. అందుకే తల ఊపాను. నా మాట మీద నిలబడ్డ పెట్టె కంటే ఆమె కళ్ల మీద నిలబడ్డ పెట్టె గట్టిది.

వాయుగుండం పట్టి వారమంతా సూర్యుడి ముఖం లేదు. ఊళ్లో రెండు మూడు చెరువులు దెబ్బతిన్నాయి. కొండలమ్మ రోజూ తెల్లారకముందే గట్టెక్కి చూసింది, ఆమె వెళ్లేసరికే ఫ్యాన్లు తిరుగుతున్నాయట. ఒకరోజు నేనూ వెళ్లాను, గొడుగు తిరగబడింది, నేను తిరగబడలేదు. ఫ్యాన్ల నురగ తప్ప నీళ్ల మీద ఒక్క నోరు కనిపించలేదు. ఆమె పెట్టె మీద చినుకులు కొంగుతో తుడిచి, "పచ్చలైటు వెలక్కపోతే ఎంత బాగుందో చూశారాండీ" అంది.

నిన్న మంచం ఇంటికొచ్చింది. పెద్దబ్బాయి నెత్తిన పెట్టుకుని మా వీధిలోంచే మోసుకెళ్లాడు. వాడి భార్య గుమ్మంలో నిలబడి, "ఏం మాట్లాడకండి, లోపల పెట్టండి" అంది. వీధి వీధంతా చూస్తున్నా సరే.

మీ ఆమోసుకి రెండు మాటలు రాశాను, ఇందులోనే మడిచి పెట్టాను, ఇయ్యి. వెనక్కి తీసుకున్న మెచ్చుకోలు మళ్లీ ఇచ్చాను, కొంచెం తగ్గించి. అతని గురించి కాస్త కటువుగా మాట్లాడాననిపించింది. ఎందుకనిపించిందని అడక్కు.

జాకెట్ల విషయం మీద నేనేమీ రాయదలచుకోలేదు. సంచిలో క్రిస్మస్ గుడ్డా, ఆది జాకెట్టూ ఉన్నాయి. ఆది చేతులు చూసి కేకలు పెట్టకు, హాస్టల్లో అందరూ వస్తారు. తెరేసమ్మకియ్యి. ఏమీ చెప్పకు. అదోలా నవ్వుతుంది, నువ్వు మాత్రం నవ్వకు. పాత ఆది పెట్టి కత్తిరించిన అట్టముక్క ఆమె మిషను అరలో ఉండే ఉంటుంది, అది నీ ఎదురుగా చింపించు. ఒక చెయ్యి కత్తిరించాక దాన్ని ఆది మీద పరిచి చూపించమను. సరిపోయిందని నువ్వు చూశాకే రెండో చెయ్యి.

దారం రీలు వద్దు. దాని బదులు వన్‌టౌన్ వెళ్లి మంచానికి నవారు ఒక చుట్ట కొను, వెడల్పుది, తెలుపు. పెద్దబ్బాయి మంచం వానకి తడిసి తడిసి ఊయలలా వేలాడుతోంది, ఇద్దరిని మొయ్యలేదు. శుక్రవారం యేసుబాబు బస్సెక్కేలోపు బ్యాంకు దగ్గర ఇచ్చెయ్యి, క్యారియరు మూత మర్చిపోకు.

మీ అమ్మమ్మ,
సంపూర్ణమ్మ